కన్ను ఎక్కడ నిలబడింది?

మా తమ్ముడు పన్నెండేళ్లుగా సౌదీలో ఉంటున్నాడు. ఆ సంపాదనతోనే మెట్‌పల్లిలో ఇల్లు కట్టాడు. ముగ్గు పోసిన రోజు నుంచి రంగులేసిన రోజు దాకా ఏదీ కళ్లారా చూడలేదు. గృహప్రవేశానికి కూడా సెలవు దొరకలేదు. అందుకని ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడి యూట్యూబ్‌లో లైవ్ పెట్టించాం. రెండు కెమెరాలు, పైనుంచి డ్రోన్, వెనక సన్నాయి పాట. పాలు పొంగించడం, సత్యనారాయణ వ్రతం, భోజనాలు, అన్నీ అటు వెళ్లాయి. రాత్రి ఫోన్ చేసి అడిగాను.

"ఎట్లున్నదిరా?"

"మంచిగున్నది అన్నా. పెండ్లి క్యాసెట్ చూసినట్టున్నది."

మర్నాడు వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే వాడి ఆరేళ్ల కొడుకు ఫోన్ అందుకున్నాడు. "బాపూ, నేను సూపిస్త రా" అని వెనక కెమెరా పెట్టి బయల్దేరాడు. ఫోన్ పిల్లాడి ఛాతీ ఎత్తులో ఉంది. గడప దాటేటప్పుడు ఇల్లంతా ఒకసారి ఎగిరిపడింది. వంటింట్లో గట్టు అంచు కనిపించింది కానీ దానిమీద గిన్నెలు కనిపించలేదు. మెట్లెక్కుతుంటే ఒక్కొక్క మెట్టు మొహం మీదికి వచ్చింది. పైగది తలుపు గొళ్లెం పిల్లాడికి అందలేదు. "బాపూ, అందుతలేదు" అన్నాడు.

ఆ క్షణంలో ఏం జరిగిందో తమ్ముడు తర్వాత చెప్పాడు. "అన్నా, నాకు తెల్వకుంటనే చెయ్యి లేసింది. గొళ్లెం తీద్దామని. ఇయ్యాల్నే ఇంట్లకు వచ్చినట్టున్నది నాకు."

ఇల్లు అదే, చూసే మనిషీ ఒక్కడే. మొదటి రోజు దృశ్యం ఎంతో స్పష్టంగా, నిలకడగా, అందంగా ఉంది. రెండో రోజు దృశ్యం ఊగింది, మసకబారింది, సగం సగమే కనిపించింది. అయినా మొదటి రోజు వాడు ప్రేక్షకుడుగానే ఉండిపోయాడు. రెండో రోజు ఇంటివాడయ్యాడు. మారిందల్లా ఒక్కటే, కన్ను నిలబడిన చోటు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న మాట కూడా ఇదొక్కటే. తెర మీది లోకంలో మీ కన్ను ఎక్కడ నిలబడుతుందో అక్కడే మీ మనసు, మీ ఒళ్లు, మీ తీర్పు నిలబడతాయి. ఆ చోటును ఇప్పటిదాకా ఎవరో ఒకరు మీ తరఫున ఎంచుతున్నారు. ఇకమీదట మీరే ఎంచుకోవాలి.

కంటి లోపల, భుజం వెనక

ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడే పిల్లల పక్కన పది నిమిషాలు కూర్చోండి. "టీపీపీనా, ఎఫ్‌పీపీనా?" అన్న మాట తప్పకుండా వినిపిస్తుంది. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్‌లో మన దేశంలో నిషేధించారు. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. ఆ రెండు పొడి అక్షరాల మాటలు కూడా ఆటతో పాటే వచ్చాయి. పిల్లలకు అవి ఆటలో రెండు రకాలు మాత్రమే. నిజానికి ఈ అధ్యాయం మొత్తం ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఎఫ్‌పీపీ అంటే ఫస్ట్ పర్సన్. కెమెరా పాత్ర కళ్లలో ఉంటుంది. మీకు మీ చేతులు, చేతిలోని తుపాకీ మాత్రమే కనిపిస్తాయి. మీ వీపు మీకు కనిపించదు. 1993లో వచ్చిన డూమ్ అనే ఆట ఈ చూపును ప్రపంచమంతటికీ అలవాటు చేసింది. టీపీపీ అంటే థర్డ్ పర్సన్. కెమెరా పాత్ర భుజం వెనక, కొంచెం పైన ఉంటుంది. మీ పాత్ర నడుస్తుంటే వెనకనుంచి మీరే చూస్తుంటారు.

తేడా ఎంతటిదో గోడచాటున తెలుస్తుంది. టీపీపీలో మీ పాత్ర గోడ వెనక నక్కి కూర్చున్నా, భుజం మీద ఉన్న కెమెరా గోడ అవతలికి చూడగలదు. శత్రువు వస్తున్నది మీకు కనిపిస్తుంది, శత్రువుకు మీరు కనిపించరు. ఎఫ్‌పీపీలో ఆ సౌకర్యం లేదు. అవతల ఏముందో చూడాలంటే తల బయటపెట్టాలి. తల పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది సమఉజ్జీ పోరు కాదని ఆటగాళ్లు గట్టిగా అడగడంతో 2017లో పబ్‌జీ ఫస్ట్ పర్సన్ వాళ్లకు వేరే సర్వర్లు ఇవ్వాల్సి వచ్చింది. గోడ మారలేదు, తుపాకీ మారలేదు. కన్ను ఒక గజం వెనక్కి జరిగితే ఆట న్యాయమే మారిపోయింది.

2013లో వచ్చిన జీటీఏ 5 ఆట మొదట భుజం వెనక చూపుతోనే వచ్చింది. 2014 చివర కొత్త గేమ్ యంత్రాలకు తెచ్చినప్పుడు కంటి లోపలి చూపును కూడా జోడించారు. రెసిడెంట్ ఈవిల్ విలేజ్ అనే ఆట దీనికి ఎదురు దారిలో నడిచింది. 2021లో కంటి లోపలి చూపుతో వచ్చి, మరుసటి ఏడాది భుజం వెనక చూపును కలుపుకుంది. ఒకే కథను రెండు చోట్ల నుంచి ఇవ్వడానికి తయారీదారులు అంత శ్రమ పడ్డారంటే, చూసే చోటు మారితే అనుభవమే మారిపోతుందని వాళ్లకు తెలుసు కాబట్టే.

ఒళ్లు ఎందుకు నమ్ముతుంది?

తమ్ముడి చెయ్యి ఎందుకు లేచింది? గొళ్లెం వేల కిలోమీటర్ల అవతల ఉందని వాడికి తెలియదా? తెలుసు. తెలిసింది బుద్ధికి. ఒళ్లు మాత్రం కన్ను చెప్పిన మాట విన్నది.

1998లో బొట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రయోగం చేశారు. మనిషి అసలు చేతిని అడ్డు వెనక దాచి, కళ్ల ముందు ఒక రబ్బరు చెయ్యి పెట్టారు. రెండింటినీ ఒకేసారి కుంచెతో నిమిరారు. కొద్దిసేపటికి చాలామందికి ఆ నిమురుతున్న స్పర్శ రబ్బరు చేతి మీదే ఉన్నట్టు అనిపించింది. "ఇది నా చెయ్యే" అన్న భావన వచ్చింది. మన ఒంటి హద్దు చర్మం దగ్గర స్థిరంగా ఉంటుందని మనం అనుకుంటాం. కన్ను, స్పర్శ ఒక్కటై సాక్ష్యం చెబితే ఆ హద్దు కదులుతుంది.

2010లో మెల్ స్లేటర్ బృందం దీన్ని వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌లోకి తీసుకెళ్లింది. మగవాళ్లను ఒక అమ్మాయి శరీరంలో ఉన్నట్టుగా చూపించారు. కొందరు ఆ అమ్మాయి కళ్లలోంచి చూశారు, కొందరు పక్కనుంచి చూశారు. ఆ దృశ్యంలో అమ్మాయికి చెంపదెబ్బ పడుతుంది. కళ్లలోంచి చూసినవాళ్ల గుండె లయ ఆ దెబ్బకు గట్టిగా స్పందించింది. పక్కనుంచి చూసినవాళ్లలో ఆ స్పందన తగ్గింది. "ఆ ఒళ్లు నాదే" అనిపించడానికి కన్ను ఉన్న చోటే ముఖ్య కారణమని ఆ పరిశోధన తేల్చింది.

భుజం వెనక చూపుకు కూడా తన బలం ఉంది. 2007లో స్విట్జర్లాండ్‌లో లెంగెన్‌హాగర్ బృందం మనుషులకు హెడ్‌సెట్ తగిలించి, వాళ్ల వీపునే రెండు మీటర్ల ముందు చూపించింది. అసలు వీపును నిమురుతుంటే ముందు కనిపించే వీపు మీద అదే సమయంలో కర్ర కదులుతోంది. తర్వాత కళ్లు మూయించి, వెనక్కి నడిపించి, "ఇందాక మీరున్న చోటికి వెళ్లండి" అన్నారు. వాళ్లు అసలు చోటుకంటే ముందుకు, ఆ బొమ్మ ఉన్న వైపుకు జరిగి నిలబడ్డారు. 'నేను' అన్నది కూడా కంటి వెంట కొంచెం నడిచింది.

కాబట్టి మీ పిల్లాడు హెడ్‌సెట్ తీశాక చేతులు వణుకుతున్నాయంటే నటిస్తున్నాడని కసరకండి. ఎగ్జిబిషన్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని రోలర్ కోస్టర్ చూసి కుర్చీని గట్టిగా పట్టుకున్న పెద్దమనిషిని చూసి నవ్వకండి. వాళ్ల ఒళ్లు తన పని తాను సరిగ్గానే చేసింది.

ఏ పనికి ఏ కన్ను

ఏ చోటు మంచిదని అడిగితే, పనిని బట్టి అని చెప్పాలి. 2006లో సలమిన్, థాల్మన్ తదితరులు జనంతో రెండు చూపుల్లోనూ పనులు చేయించి చూశారు. నడవడానికి, కదిలే వస్తువులతో వ్యవహరించడానికి భుజం వెనక చూపును ఎక్కువమంది ఇష్టపడ్డారు. కదలని వస్తువును చేత్తో పట్టుకుని పని చేయాల్సినప్పుడు కంటి లోపలి చూపే కావాల్సి వచ్చింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మన వీపు మనకు కనిపించినందువల్ల లాభం లేదు. సంతలో జనం మధ్య తోవ వెతుక్కునేటప్పుడు మాత్రం నాలుగడుగులు వెనకనుంచి చూడగలిగితే ఎంత బాగుండునో!

ఇదే పాఠం మన పొలాల్లో రోజూ కనిపిస్తోంది. వరికి, మక్కకు మందు కొట్టే డ్రోన్లు ఇప్పుడు మెట్‌పల్లి చుట్టుపక్కల కొత్త కాదు. పది లీటర్ల ట్యాంకు తగిలించుకుని డ్రోన్ పొలం మీద ఆ చివరి దాకా వెళ్లి, తిరిగి వస్తుంది. నేర్చుకునేవాడికి మొదట అంతా తేలిగ్గానే ఉంటుంది. డ్రోన్ తోక మన వైపు ఉన్నంతసేపు రిమోట్ మీది కర్ర కుడికి నెడితే కుడికి పోతుంది, ఎడమకు నెడితే ఎడమకు పోతుంది. డ్రోన్ ముక్కు మన వైపు తిరిగిందా, చిక్కు మొదలవుతుంది. ఇప్పుడు కర్ర కుడికి నెడితే డ్రోన్ మన ఎడమకు పోతుంది. గట్టున నిలబడ్డ కుర్రాడికి చెమట పట్టేది ఇక్కడే. అతను గాభరాపడి ఇంకా కుడికి నెడతాడు, డ్రోన్ ఇంకా ఎడమకు, కరెంటు తీగల వైపు పోతుంది.

అందుకే శిక్షణలో మొదట తోక మన వైపు పెట్టి గాలిలో నిలపడమే నేర్పుతారు. ఆ తర్వాత అనుభవజ్ఞులు చెప్పే కిటుకు ఒకటే: "నువ్వు గట్టు మీద లేవు, డ్రోన్‌ల కూసున్నవ్ అనుకో." కాళ్లు గట్టు మీదే ఉంటాయి. మనసులోని కన్ను మాత్రం ఎగిరి డ్రోన్ ముక్కులో కూర్చోవాలి. అప్పుడు కుడి మళ్లీ కుడి అవుతుంది. అలాగని పూర్తిగా అక్కడే ఉండిపోకూడదు. తీగలు, చెట్లు, పక్క పొలంలో కలుపు తీసే ఆడవాళ్లు గట్టు మీది కంటికే కనిపిస్తారు. మంచి పైలెట్ క్షణక్షణం ఈ రెండు చోట్ల మధ్య తిరుగుతుంటాడు.

ఫోన్‌లో మ్యాప్ కూడా ఇంతే. 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి వస్తూ మలుపు మలుపుకు బాణం గుర్తు చూసి నడిపితే ఇంటికైతే చేరతారు. దారి మాత్రం మనసులో ముద్రపడదు. బయల్దేరే ముందు మ్యాప్‌ను ఉత్తరం పైకి పెట్టి, కోరుట్ల ఎటు, ఇబ్రహీంపట్నం ఎటు, గోదావరి ఎటు అని ఒక నిమిషం పైనుంచి చూడండి. ఆ తర్వాత బాణం గుర్తుకు మారండి. మరుసటిసారి ఫోన్ అడగాల్సిన అవసరమే రాకపోవచ్చు.

ఒగ్గు కథకుడి విద్య

ఈ కన్ను మార్చుకునే విద్య మనకు కంపెనీలు నేర్పాల్సినదేమీ కాదు. ఉత్తర తెలంగాణలో పుట్టి పెరిగినవాళ్లెవరైనా ఒగ్గు కథ చూసే ఉంటారు. కథకుడు మొదట మనకు కథ చెబుతాడు. "ఎల్లమ్మ అట్ల పోతున్నది" అంటాడు. డోలు దరువు మారుతుంది, కొంగు నెత్తిమీదికి వస్తుంది. మరుక్షణం ఆయనే ఎల్లమ్మ. గొంతు మారింది, నడక మారింది, "నేను" అంటోంది ఎల్లమ్మ. అంతలోనే పక్కవాయిద్యం పట్టే మనిషి "అవునా, తర్వాత?" అని ఒక మాట అందిస్తాడు. ఆయన మళ్లీ కథకుడైపోయి బయట నిలబడతాడు. వేములవాడ దగ్గర హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ కళలో ఎంత పేరు తెచ్చుకున్నారో ఈ ప్రాంతంలో పెద్దలను అడిగితే చెబుతారు.

కథకుడు లోపలికి పోకపోతే కథలో ప్రాణం ఉండదు. లోపలే ఉండిపోతే కథ ముందుకు నడవదు. ఎప్పుడు లోపలికి వెళ్లాలో, ఎప్పుడు బయటికి రావాలో తెలియడమే ఆయన నైపుణ్యం. తెర ముందు కూర్చునే ప్రతి మనిషికి ఈ రోజు కావాల్సింది సరిగ్గా ఆ నైపుణ్యమే.

ఆచరణలో పెట్టండి

తెర ముందుకు వెళ్లే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ఇక్కడ ఎవరిగా ఉండాలి? ఏం పని చేయాలి? ఎంతసేపు ఉండగలను? ఈ మూడింటికి జవాబు దొరికితే కన్ను ఎక్కడ పెట్టాలో అదే తెలుస్తుంది.

దూరాన ఉన్న మనిషికి ఇల్లు చూపించేటప్పుడు: ముందు కెమెరాతో మీ మొహం చూపించండి, అది పలకరింపు. తర్వాత వెనక కెమెరాకు మారండి, అది రాక. ఫోన్‌ను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుంటే అతనికి ఇల్లు పైకప్పు నుంచి చూసినట్టు ఉంటుంది. కంటి ఎత్తులో పట్టుకోండి. గేటు దగ్గర మొదలుపెట్టండి, చెప్పులు విడిచే చోట ఒక్క క్షణం ఆగండి, నెమ్మదిగా నడవండి. "ఎటు పోదాం?" అని అతన్నే అడగండి. అతను "యాపచెట్టు దిక్కు పో" అంటే పోండి. దారి అతను చెబుతుంటే కాళ్లు మీవైనా నడక అతనిదే అవుతుంది. అప్పుడప్పుడూ ఫోన్ పిల్లల చేతికివ్వండి. తండ్రికి తన బిడ్డ ఎత్తునుంచి ఇల్లు చూసే అవకాశం ఇంకెలాగూ రాదు.

పని చేసుకుంటూ మాట్లాడేటప్పుడు: మా దగ్గర బీడీలు చేసే ఆడవాళ్లు ఫోన్‌ను ఆకుల కట్టకు ఆనించి మాట్లాడుతుంటారు. అటువైపు భర్తకు కనిపించేది తిరుగుతున్న ఫ్యాను, సగం గడ్డం. "నా దిక్కు చూస్తలేవు" అని అతను, "పని ఎట్ల చెయ్యాలె మరి" అని ఆమె, తగవు అక్కడ మొదలవుతుంది. తప్పు ఇద్దరిదీ కాదు, ఫోన్ పెట్టిన చోటుది. ఫోన్‌ను ఎదురుగా కాకుండా పక్కన, భుజం ఎత్తులో పెట్టండి. అతనికి చాట, తునికాకు, కత్తెర, మీ చేతులు కనిపిస్తాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ల మధ్య ప్రశ్నలు పుడతాయి. పక్కన కూర్చున్నవాళ్ల మధ్య ముచ్చట పుడుతుంది.

శుభకార్యం లైవ్ పెట్టేటప్పుడు: ఫొటోగ్రాఫర్ కెమెరా మండపానికి ఎదురుగా ఉండనివ్వండి, అది అందరికీ. రాలేకపోయిన సొంత మనిషికి మాత్రం వేరే ఒక ఫోన్ కేటాయించండి. పెళ్లికూతురి అన్న సౌదీలో ఉంటే, ఆ ఫోన్ పెళ్లిలో అన్న నిలబడే చోట నిలబడాలి. తలంబ్రాలు పోసేటప్పుడు ఆ ఫోన్ మీద కూడా నాలుగు గింజలు పడాలి.

చావు కబురు వచ్చినప్పుడు: ఇది రాయడానికి చెయ్యి ఆడదు, కానీ మా ప్రాంతంలో ఇది రాయకుండా ఈ అధ్యాయం పూర్తి కాదు. గల్ఫ్ నుంచి రాలేక, తల్లి కడసారి చూపును ఫోన్‌లోనే దక్కించుకున్న కొడుకులు ఎందరో ఉన్నారు. అలాంటప్పుడు జనం మీదుగా ఫోన్ ఎత్తి తిప్పకండి. ముందు అతన్ని అడగండి: "దగ్గర్నుంచి చూస్తవా బిడ్డా, దూరం నుంచా?" కొందరికి తల్లి పాదాల దగ్గర ఉండాలని ఉంటుంది. కొందరు అంత దగ్గరి చూపును ఆ దూరదేశంలో, ఒంటరి గదిలో తట్టుకోలేరు. కంటి లోపలి చూపు ఒళ్లును ఎంతగా కదిలిస్తుందో పైన చెప్పుకున్నాం. కాబట్టి ఆ నిర్ణయం అతనిదే కావాలి. అటువైపు అతని పక్కన ఇంకో మనిషి ఉన్నాడని తెలుసుకున్నాకే కెమెరా తిప్పండి.

ఉద్యోగ ఇంటర్వ్యూ, ఆన్‌లైన్ క్లాసు, మీటింగ్: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో కాల్స్ అలసటకు నాలుగు కారణాలు రాశారు. అందులో ఒకటి, గంటల తరబడి మన మొహం మనకే కనిపిస్తూ ఉండడం. ఎదురుగా అద్దం పెట్టుకుని ఎవరూ మాట్లాడరు కదా. జూమ్‌లో మీ బొమ్మ మీకు కనిపించకుండా చేసే ఏర్పాటు ఉంది. మొదట ఒకసారి వెలుతురు, కూర్చున్న తీరు సరిచూసుకుని దాన్ని మూసేయండి. ఫోన్‌ను నాలుగు పుస్తకాల మీద పెట్టి కెమెరాను కంటి ఎత్తుకు తెండి. కింద పెట్టిన కెమెరాలో మీరు ఎదుటివాళ్లను పైనుంచి చూస్తున్నట్టు కనిపిస్తారు. వినయం మాటల్లో ఎంతున్నా చూపులో కనిపించదు.

ఆటలు, హెడ్‌సెట్: కళ్లు "పరుగెత్తుతున్నాం" అంటుంటే లోచెవిలోని తూకం "కదలడం లేదు" అంటుంది. ఆ తగవు వల్లే కడుపులో తిప్పుతుంది. కంటి లోపలి చూపులో ఇది ఎక్కువగా వేధిస్తుంది. మొదటి రోజులు కూర్చునే ఆడండి, ఐదు పది నిమిషాలకు మించకండి. జారుతూ వెళ్లే నడక కాకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే పద్ధతి ఉంటే అది పెట్టుకోండి. తల బరువెక్కినట్టు అనిపించగానే ఆపండి, ఓర్చుకుంటే అలవాటవుతుందని మొండికేయకండి. పిల్లలకు భయపెట్టే ఆటలు కంటి లోపలి చూపుతో ఇవ్వకండి. అదే ఆటలో భుజం వెనక చూపు ఉంటే దానికి మార్చండి, భయం కొంత దూరం జరుగుతుంది. వయసు హద్దును కూడా గమనించండి. మెటా సంస్థ 2023లో తన హెడ్‌సెట్ల కనీస వయసును 13 నుంచి 10 ఏళ్లకు తగ్గించింది, అదీ తల్లిదండ్రుల ఆధీనంలో ఉండే ఖాతాతో మాత్రమే.

తెర ఆపేశాక

అన్నిటికంటే పెద్ద తెర మన తలలో ఉంది. అందులోనూ కెమెరా ఉంది. నిన్నటి గొడవను గుర్తు చేసుకోండి. మీ కళ్లలోంచి అతని మొహం కనిపిస్తోందా, లేక గది మూల నుంచి మీరిద్దరూ కనిపిస్తున్నారా? మన జ్ఞాపకాలు ఈ రెండు రకాలుగానూ వస్తాయని నిగ్రో, నైసర్ 1983లోనే రాశారు.

ఈ లోపలి కెమెరాను మనం కావాలని జరపవచ్చు. 2004 అమెరికా ఎన్నికల ముందు రోజు ఒహాయో రాష్ట్రంలో లిసా లిబ్బీ బృందం కొందరు ఓటర్లను రెండు గుంపులు చేసింది. ఒక గుంపును తాము ఓటేస్తున్నట్టు తమ కళ్లలోంచి ఊహించుకోమంది. రెండో గుంపును, ఓటేస్తున్న తమను బయటినుంచి చూస్తున్నట్టు ఊహించుకోమంది. కళ్లలోంచి ఊహించుకున్నవాళ్లలో 72 శాతం, బయటినుంచి ఊహించుకున్నవాళ్లలో 90 శాతం ఓటేశారు. బయటినుంచి చూసుకున్నప్పుడు "నేను ఓటేసే మనిషిని" అన్న గుర్తింపు కలిగింది. చేయాల్సిన మంచి పని వాయిదా పడుతూ ఉంటే మీరూ ఇలా చూసుకోండి. పొద్దున్నే లేచి చదువుకుంటున్న మిమ్మల్ని, కాలువ గట్టు మీద నడుస్తున్న మిమ్మల్ని, కొంచెం దూరం నుంచి.

బాధ ముంచెత్తినప్పుడు కూడా ఇదే ఆసరా. 2015లో బార్సిలోనాలో స్లేటర్ బృందం ఇంకో ప్రయోగం చేసింది. మనిషి తన కష్టాన్ని ముందు తనలాగే చెప్పుకుంటాడు. తర్వాత వీఆర్‌లో మనోవైద్యుడు ఫ్రాయిడ్ శరీరంలోకి మారి, ఎదురుగా కూర్చున్న తనకే సలహా చెబుతాడు. తనే తనతో మాట్లాడుకున్నదానికంటే, ఫ్రాయిడ్‌గా మారి చెప్పినప్పుడు మనసు ఎక్కువ తేలికపడింది. మనకు హెడ్‌సెట్ అక్కర్లేదు. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకోండి. ఒకదాంట్లో కూర్చుని కష్టం చెప్పుకోండి. లేచి రెండోదాంట్లో కూర్చోండి. ఇప్పుడు మీరు మీ మేనమామ, లేదా మీకు చదువు చెప్పిన సారు. ఎదుటి కుర్చీలో ఉన్న మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి, ఆయన ఏం చెప్పేవాడో అది చెప్పండి. తమను తాము పేరు పెట్టి పిలుచుకుని ఆలోచించినవాళ్లు నలుగురి ముందు మాట్లాడేటప్పుడు తక్కువ ఆందోళన పడ్డారని ఈథన్ క్రాస్ బృందం 2014లో చూపించింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. బయటి చూపు తీర్పుకు మంచిది, బతకడానికి చాలదు. సంతోషాన్ని ఎప్పుడూ బయటినుంచే చూసుకునేవాళ్లు చివరికి దాన్ని ఫొటోగా మాత్రమే దాచుకుంటారు. బతుకమ్మ ఆడేటప్పుడు డ్రోన్ షాట్ ఎలా వస్తుందోనని పైకి చూస్తూ ఉంటే పక్కనున్న చెయ్యి లయ తప్పుతుంది. ఆ వలయం అందం పైనుంచి కనిపించేదే, నిజం. దాని ఆనందం మాత్రం లోపల, చప్పట్ల మధ్య, పక్క మనిషి భుజం తగిలే చోట ఉంది.

ఈ వారం మీ పని

మొదటి రోజు, మీ ఫోన్‌లో మీరు ఏ చూపుతో ఎక్కువసేపు గడుపుతున్నారో రాసుకోండి: ఆటలో, కాల్‌లో, మ్యాప్‌లో. రెండో రోజు, అందులో ఒకదాన్ని మార్చి చూడండి. మూడో రోజు, ఒక పాత గొడవను ఎదుటి మనిషి కళ్లలోంచి గుర్తు చేసుకోండి. నాలుగో రోజు, ఒక పాత సంతోషాన్ని మీ కళ్లలోంచే, వాసనతో సహా గుర్తు చేసుకోండి. ఐదో రోజు, రెండు కుర్చీలు వేయండి. ఆరో రోజు, దూరాన ఉన్న మీ మనిషికి ఫోన్ చేసి, "నువ్వు ఏడ నిలబడి చూస్తవో చెప్పు, ఆడ నిలబెడ్త" అనండి.

ఏడో రోజు ఏమీ చేయకండి. ఫోన్ పక్కన పెట్టి ఇంటి గుమ్మంలో కూర్చుని, మీ రెండు కళ్లతోనే వీధిని చూడండి.

మా తమ్ముడు ఈసారి సంక్రాంతికి వస్తున్నాడు. పైగది గొళ్లెం ఇప్పటికీ అదే ఎత్తులో ఉంది. కిందికి దింపుదామని మేస్త్రీ అంటే వద్దన్నాను. దాన్ని కొడుకుకు తీసిపెట్టాల్సిన చెయ్యి వస్తోంది. మీ ఇంట్లోనూ ఇలాంటి ఒక చెయ్యి దూరంగా ఉంటే, ఈ రాత్రే ఫోన్ చేయండి. కెమెరాను అతని కంటి ఎత్తులో పట్టుకోండి.